వన్నెల కొండలు: హోసూరు, కృష్ణగిరి ప్రాంతమున ఒక దినపు పరిశీలన యాత్ర

కృష్ణగిరి జిల్లా తమిళనాడు రాష్ట్రమునకు వాయవ్యమూలను, కర్ణాటకాంధ్ర రాష్ట్రముల సరిహద్దుల నంటి యున్నది. పూర్వమిది సేలం జిల్లాలోని భాగము. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడగా అందు చేరినది. 2004 ఫిబ్రవరి 9వ తేదీన ప్రత్యేక జిల్లా అయినది. ప్రభువులు మాఱిరి, ఎల్లలు మాఱినవి. మాఱక నిలిచినవి కొండలు మాత్రమేయని తలచుట సహజము. కాని ఆ మాటయు నేడు పూర్తిగా నిజము కాదు. అది యేల నిజము కాదో తెలుపుటయు, నిలిచియున్న కొండలను విద్యార్థులు తెలిసినవారి వెంట ఒక్క దినములో చూచి గ్రహించు విధమును వివరించుటయు ఈ వ్యాసమునకు ఉద్దేశము.

పేరులోని వన్నె

కృష్ణ యనగా నలుపు, గిరి యనగా కొండ. నల్లరాతి కొండలకు నెలవగుటచే కృష్ణగిరి యను పేరు వచ్చినదని యొక వివరణము. విజయనగర చక్రవర్తి కృష్ణదేవరాయల పేర వెలసినదని మఱియొక వివరణము. రెండవదానికి చరిత్రను వెదకవలెను. మొదటిదానికి తలయెత్తి చూచిన చాలును. ఊరి పేరులోనే రంగు నిలిచియున్న ఈ ప్రాంతమున కొండల వన్నెలను గూర్చి విచారించుట సముచితము.

ఈ నేల రెండంతస్తులుగా నున్నది. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్న పీఠభూమి. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల యెత్తున నున్న దిగువ నేల. కంపెనీవారి కాలమున సేలం జిల్లాను తలఘాటు, బారామహలు, బాలాఘాటు అని మూడు భాగములుగా వ్యవహరించిరి. బాలాఘాటనగా కనుమల మీది సీమ, హోసూరు అందులోనిది. కృష్ణగిరి బారామహలులోనిది. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధిచే బారామహలు కంపెనీ వశమైనది. కెప్టెన్ అలెగ్జాండరు రీడును, ఆయనకు సహాయకుడైన థామస్ మన్రోయును ఇచ్చట భూమిని కొలిపించి శిస్తు నిర్ణయించిరి. హోసూరు సీమ 1799లో టిప్పు సుల్తాను మరణానంతరము చేరినది.

పైకి పోయినకొలది వేయి మీటర్లకు సుమారు ఆఱున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడును. ఆ లెక్కను హోసూరు, కృష్ణగిరికంటె రెండున్నర డిగ్రీలు చల్లగా నుండవలెను. ఉదయమున హోసూరులో శాలువ కప్పుకొని బయలుదేరినవాడు మధ్యాహ్నమునకు కృష్ణగిరిలో నీడను వెదకుకొనుట ఇందువలననే. ఈ యాత్రలో మొదటి పాఠము పుస్తకము విప్పకయే శరీరమునకు తెలియును.

పెరూ దేశపు రంగుల కొండ

కొండల రంగులను చూచుటకై ఒక దినపు యాత్ర చేయుట నేడు లోకమున ప్రసిద్ధమైన వినోదము. దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున ఆండీసు పర్వతములలో వినికున్కా యను కొండ కలదు. దాని యెత్తు 5,000 మీటర్లకు పైబడినది. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు పట్టెలు పఱచిన జంపఖానావలె దాని చరియ కనబడును. సముద్రగర్భమునను, సరస్సులలోను పొరలుపొరలుగా పేరుకొన్న మట్టియు ఇసుకయు భూమి కదలికచే పైకి లేచి, ఏటవాలుగా నిలిచి, కోతపడుటచే ఆ పట్టెలు వెలువడినవి. ఇనుము తుప్పు పట్టిన పొర ఎఱ్ఱన. ఇనుము నీటితో కలిసి మాఱిన పొర పచ్చన. ఇనుము, మెగ్నీషియము కలిసిన బంకమన్ను ఆకుపచ్చన. పలుగు ఇసుక తెల్లన.

యాత్రికులు సుమారు 3,400 మీటర్ల యెత్తుననున్న కుస్కో నగరమునుండి తెల్లవాఱకమునుపే బయలుదేరి, కొండ చూచి, చీకటిపడునప్పటికి తిరిగి చేరుదురు. అంత యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సగముకంటె కొంచెమే హెచ్చు. తలనొప్పి, వికారము, ఆయాసము కలుగును. కావున తెలిసిన మార్గదర్శి యాత్రికులను రెండు మూడు దినములు కుస్కోలో నిలిపి, గాలికి అలవాటుపడిన పిదపనే తీసికొనిపోవును, దారిలోను త్వరపెట్టడు. 2015 ప్రాంతమువఱకు ఆ కొండ బయటివారికి అంతగా తెలియదు. అక్కడి కెచువా జాతివారు అల్పాకా యను ఉన్నిజంతువులను మేపుకొని జీవించెడివారు. పిమ్మట యాత్రికులను గుఱ్ఱములపై నెక్కించి నడిపించుటయు, ప్రవేశరుసుము వసూలుచేయుటయు వారికి జీవనాధారమైనవి. 2018లో ఆ ప్రాంతమున గని త్రవ్వు హక్కును గూర్చిన సంగతి బయటపడి కలవరము పుట్టగా, ఆ హక్కు కోరిన సంస్థ దానిని వదలుకొన్నది. కొండను నిలుపుకొనియే దానివలన బ్రదుకవచ్చునని అక్కడివారు చూపిరి.

హోసూరు, కృష్ణగిరి కొండలకు ఆ యెత్తు లేదు. దూరమునుండి చూచిన ఆ పట్టెలును కానరావు. ఇచ్చట వన్నె రాతిలోపల నున్నది. దగ్గఱకు పోయి, వంగి, చేతితో తడవి చూడవలెను. కాని రంగునకు మూలమైన వస్తువు మాత్రము రెండుచోట్లను ప్రధానముగా ఒక్కటే. అది ఇనుము.

రాతి రంగులకు కారణములు

ఈ ప్రాంతపు రాళ్ళు భూమిపై మిక్కిలి ప్రాచీనములైనవానిలో చేరినవి. ఇచ్చటి శిలలలో పెక్కు సుమారు 250 కోట్ల యేండ్లనాడు, భూగర్భమున మిక్కిలి లోతున, వేడికిని ఒత్తిడికిని లోనై నేటి రూపము పొందినవి. అప్పటికి చెట్టులేదు, చేపలేదు. పైనున్న నేల యంతయు అరిగి కొట్టుకొనిపోగా అడుగుననున్నవి నేడు కొండలై కనబడుచున్నవి. అనగా రాయకోట శిఖరముపై నిలుచున్నవాడు ఒకప్పటి పాతాళముపై నిలుచున్నాడని యర్థము.

విద్యార్థి గుర్తింపవలసిన వస్తువులు నాలుగైదే. తెల్లగా గాజువలె నుండి, ఉక్కుతో గీచినను గీత పడనిది పలుగురాయి. గులాబి వన్నెతో, పగిలినచోట నున్నని పలకలై మెఱయునది ఫెల్డ్‌స్పార్. అందు కంటికానని యినుపతుప్పు కణములుండుటచే ఆ వన్నె కలిగినది. గోటితో రేకులుగా ఊడివచ్చునది అభ్రకము. పల్లెపిల్లలు దానిని కాకిబంగార మందురు. ఇందలి నల్ల అభ్రకమును, హార్న్‌బ్లెండు అను మఱియొక నల్ల ఖనిజమును కలిసి రాతికి నల్లని చారలు తెచ్చును. తెలుపు, గులాబి, నలుపు చారలు అలలవలె వంపులు తిరిగియున్న రాతిని శాస్త్రజ్ఞులు నైసు అందురు. వేడికి సగము కరగిన రాయి, పాకములోని తీగవలె, సాగినప్పటి వంపులే అవి.

దక్షిణముగా ధర్మపురివైపు పోయినకొలది నీలిఛాయతోకూడిన ఆకుపచ్చ రాయి హెచ్చగును. దాని పేరు చార్నకైటు. కలకత్తాలోని జాబ్ చార్నకు సమాధిపై పఱచిన రాతిని బట్టి థామస్ హాలండు అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1893లో ఆ పేరు పెట్టెను. ఆ సమాధిరాయి మదరాసు ప్రాంతమునుండి పోయినదే. ఇక కృష్ణగిరి పేరునకు తగిన నల్లరాయి వేఱొకటి కలదు. పాతరాతి నెఱ్ఱెలలోనికి క్రిందినుండి కరగిన శిలాద్రవము చొచ్చి, గోడవలె గట్టిపడినది. దానిని డోలెరైటు అందురు. గులాబిరాతి నడుమ నల్లని గోడ పోయినట్లు కనబడిన, అది ఇదియేయని పోల్చుకొనవచ్చును.

ఈ వన్నెలపై ఎండయు వానయు మఱికొన్ని వన్నెలు పూయును. రాతిలోని యినుము తడిగాలికి తుప్పుపట్టి ఎఱ్ఱమన్నగును; రాగిచేల నేల ఆ రంగే. ఆ యెఱుపు గట్టిపడినచో జేగురు. ఫెల్డ్‌స్పార్ కుళ్ళి తెల్లసుద్ద యగును. వాననీరు జాఱుదారులలో కంటికానని సూక్ష్మజీవులు పెరిగి నల్లని చారలేర్పడును. బండలపై బూడిదరంగు, పసుపు, నారింజ మచ్చలుగా నుండునవి రాయి కావు, జీవులు. శిలీంధ్రమును నాచును కలిసి బ్రదుకు జంట. వంటలోని మసాలాకు వాడు రాతిపువ్వు ఈ జాతిలోనిదే. కొన్ని బండలు ఉల్లిపొరలవలె పలకలుగా ఊడును. పైబరువు తొలగుటచేత రాయి ఉబ్బి పగులుట, పగటివేడి రాత్రిచలి దానిని మఱింత వదులుచేయుట ఇందుకు కారణములు. గుండుపై గుండు నిలిచిన వింతలన్నియు ఈ విధముగా నేర్పడినవే.

రాతిలోని యినుమును మనుష్యుడు ఈ ప్రాంతమున బహుప్రాచీనకాలముననే ఉపయోగించెను. బరగూరు చెంతనున్న మయిలాడుంపాఱైలో తమిళనాడు పురావస్తుశాఖవారు త్రవ్వగా దొరకిన ఇనుము క్రీస్తుపూర్వము 2172 నాటిదని 2022లో ప్రకటింపబడినది. మల్లపాడి గుహలో తెల్లని వన్నెతో గుఱ్ఱపురౌతుల బొమ్మలు కలవు. మల్లచంద్రము కొండపై పలకరాళ్ళతో కట్టిన ప్రాచీన సమాధులు పెక్కు కలవు. ఇట్టివానిని తెలుగుసీమలలో పాండవగుళ్ళని వ్యవహరింతురు. పైపొర పలకలై ఊడు బండ లేనిచో ఆ కట్టడములకు అంతటి పలకలు సులువుగా దొరకెడివి కావు.

యాత్రాక్రమము

ఈ యాత్రకు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు అనువైన కాలము. వానలలో బండ జాఱును; వేసవిలో పాదము కాలును. ఒక జట్టునకు ఇరువదిమందికంటె హెచ్చు లేకుండుట మేలు. నీరు, టోపి, భూతద్దము, అయస్కాంతము, చిన్న పుస్తకము వెంట నుండవలెను.

ఉదయమున హోసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండపై ప్రారంభింపవలెను. ఇది ఊరిలోనే యున్న చిన్నకొండ. పైనుండి చూచిన పీఠభూమి స్వరూపము తెలియును: చెఱువులు, రాగిచేలు, 1970ల నుండి పెరిగిన కర్మాగారములు, దూరమున దక్షిణముగా మేలగిరి యడవులు. ఆ యడవులు ఏనుగుల నెలవు. అందు కావేరి ఉత్తర వన్యప్రాణి సంరక్షణాలయము 2014లో ఏర్పడినది. అటవీశాఖవారి అనుమతి లేక అందు ప్రవేశింపరాదు కావున ఈ యాత్రలో వానిని దూరమునుండియే చూపవలెను.

తరువాత కెలమంగలము మీదుగా రాయకోట చేరవలెను. దినమంతటిలో ఎక్కవలసిన పెద్దకొండ ఇదియే; ఎండ ముదురకమునుపే ఎక్కుట మంచిది. 1791 జూలైలో మేజరు గౌడీ నాయకత్వమున ఇంగ్లీషు సేన ఈ కోటను పట్టుకొనెను. నేడిది కేంద్ర పురావస్తుశాఖవారి రక్షణలో నున్నది. ఎక్కునప్పుడు ప్రతి మలుపునను ఒకసారి ఆగి, రాతిలోని చారలు ఏ దిక్కున పోవుచున్నవో చూపవలెను. బండలలోని దొనలను చూపవలెను. కొండమీద నీరు నిలిచెడి రాతిగుంటకు దొనయని పేరు. కొండకోటల వారికి ముట్టడికాలమున అదియే ప్రాణాధారము.

మధ్యాహ్నమునకు కనుమ దిగి కృష్ణగిరి చేరవలెను. భోజనానంతరము ప్రభుత్వ మ్యూజియమును చూచుట యుక్తము. సెలవుదినమును ముందుగా విచారించుకొనవలెను. కోటకొండను అడుగుననుండి చూచినను చాలును. నిట్టనిలువుగానున్న ఆ బండను చూచిన, 1791 నవంబరులో కర్నలు మాక్స్‌వెల్ సేనలు పైకోటను పట్టలేక ఏల వెనుదిరిగెనో బోధపడును. పైనుండి దొర్లించిన రాళ్ళే రక్షకులకు ఆయుధములైనవి. ఆ కొండకే సయ్యద్ పాషా కొండయనియు పేరు. పైన దర్గా కలదు.

సాయంకాలము కృష్ణగిరి ఆనకట్టకు పోవలెను. 1950ల చివర దక్షిణ పినాకినిపై కట్టినది. నందికొండల ప్రాంతమున పుట్టి, హోసూరు ప్రక్కగా వచ్చిన ఆ నది తాను దాటివచ్చిన కొండలన్నిటి పొడిని వెంట తెచ్చును. ఒడ్డున పిడికెడు ఇసుక తీసి భూతద్దముతో చూచిన, తెల్లని పలుగు, గులాబి రవ్వలు, కాకిబంగారపు రేకులు వేఱువేఱుగా కనబడును. అయస్కాంతమును త్రిప్పిన నల్లని నలుసులు దానికి అంటుకొనును. అవి ఇనుపఖనిజపు రేణువులు. ఉదయమునుండి కొండలలో చూచినదంతయు అరచేతిలో తేలుటచే ఈ పరీక్షను కడపట ఉంచుట మంచిది. తిరుగుదారి పెద్దరోడ్డుపై సూలగిరి మీదుగా. శూలమును తలపించు ఆ శిఖరములపై సంజెయెండ పడినప్పుడు రాతిలోని గులాబివన్నె దూరమునకును తెలియును.

మార్గదర్శి ధర్మములు

మార్గదర్శికి మొదటి ధర్మము జట్టులో అందఱికంటె మెల్లగా నడచువాని నడకను తన నడకగా చేసికొనుట. రెండవది ప్రమాదములనుండి కాపాడుట. చరియలయందు కొండతేనెపట్టులుండును, పొగయు కేకలును తగవు. మూడవది రాతిపై పేరు చెక్కనీయకుండుట. రక్షిత కట్టడములకు హాని చేయుట 1958 నాటి చట్టముచే నేరము. నాలుగవది, మిక్కిలి ముఖ్యమైనది, చూపినదానికి పేరు చెప్పుట.

పేరు లేని వస్తువు కంటబడినను మనస్సున నిలువదు. తెలుగున కొండ, గుట్ట, తిప్ప, బండ, గుండు, చరియ, కనుమ, దొన, నెఱ్ఱె, పలుగు, సుద్ద, జేగురు అను మాటలలో ఒక్కొక్కటి ఒక్కొక్క విశేషమును తెలుపును. గుట్టయనవలసినచోట కొండ యనుట పొరపాటే. హోసూరు బడులలోని పిల్లలు తమిళమును, ఇంగ్లీషును నేర్చుచున్నారు. చాలమంది కన్నడమును విని యెఱుగుదురు. ఇది లోపము కాదు, భాగ్యము. తెలుగు బండయు కన్నడ బండెయు చుట్టములని, తెలుగువారు బండ యన్నదానిని తమిళులు పాఱై యందురని పిల్లవాడు కొండమీదనే తెలిసికొనినచో మూడు భాషలును బలపడును. కాని ఇంటిమాట మొదట రావలెను. పలుగురాయి యనుట ఎఱుగని పిల్లవానికి క్వార్ట్‌జ్ అను పదము పరీక్షవఱకే నిలుచును. అవ్వ పలుగని పిలిచిన రాయియే క్వార్ట్‌జ్ అని తెలిసినవానికి జీవితాంతము నిలుచును.

కొండలు తఱుగుట

ఈ కొండల వన్నెయే వానికి అపాయమును తెచ్చినది. గులాబి, ఊదా, బూడిద చారలు కలిసిన ఇచ్చటి నైసురాయి పారడైసో యను పేర విదేశములందు అమ్ముడుపోవుచున్నది. ఇటలీభాషలో ఆ మాటకు స్వర్గమని అర్థము. వజ్రపుతీగ రంపములతో దిమ్మెలుగా కోసి, ఓడరేవులకు తరలించి, పలకలుగా చీల్చి, మెఱుగుపెట్టి వంటయింటి అరుగులకును, గోడలకును పఱతురు. నల్లరాయికి సమాధిఫలకములుగా గిరాకి కలదు. ఇందువలన పెక్కు కుటుంబములకు కూడు దొరకుచున్నమాట నిజము. రాతిపని ఈ సీమలో తరతరాల వృత్తి; గుళ్ళు, కోటలు, తిరుగళ్ళు, రోళ్ళు అన్నియు దానివలననే కలిగినవి.

ఐనను పూర్వపుపనికిని నేటిపనికిని భేదమున్నది. ఉలితో కొట్టునాడు కొండ అరుగుటకు తరములు పట్టెడిది. యంత్రములతో కోయునాడు ఒక గుట్ట ఒక తరము కన్నులయెదుటనే గుంటయగును. చెట్టు కొట్టిన మఱల నాటవచ్చును. చెఱువు పూడిన త్రవ్వవచ్చును. 250 కోట్ల యేండ్లకు తయారైన బండను మఱల చేయుట ఎవరితరము కాదు. గుట్టతో కూడ దొనలోని నీరు పోవును, పట్టునంటిన తేనెటీగ పోవును, గుహలోని బొమ్మ పోవును. కడపట గుట్ట పేరును పోవును. గుట్ట లేనిచోట దాని పేరును పలుకుటకు ఎవరికిని పని యుండదు.

రాతిపని అంతయు మానవలెనని చెప్పుట సులభము, న్యాయము కాదు. ఏ కొండ కోయదగినది, ఏ కొండ నిలుపదగినది యని యెంచుట అవసరము. ప్రాచీన సమాధులు, చిత్రములు, కోటలు, నీటిదొనలు, దేవాలయములు గల కొండలను మొదట నిలుపవలెను. అట్లెంచుటకు ముందు వాని పట్టిక యుండవలెను. ఆ పట్టికను తయారుచేయుట బడిపిల్లలకును చేతనైన పని. ప్రతి పాఠశాలయు ఏటేట ఒక యాత్ర చేసి, తన సమీపముననున్న ఒక్క కొండను గూర్చి దాని పేరు, ఆ పేరునకు ఊరివారు చెప్పు కారణము, రాతి రంగు, నీటియాధారము, కట్టడములు, నేటి స్థితి అను ఆఱు సంగతులను వ్రాసి యుంచవలెను. వేపనపల్లి మొదలు తళి వఱకు, బాగలూరు మొదలు బరగూరు వఱకు ఇట్టి పుస్తకములు చేరినచో, కొండను కాపాడవలసిన అధికారి యెదుట పెట్టుటకు మనకొక ఆధార ముండును. తెలుగు సంఘములు సభలతోపాటు ఈ పనికిని కొంత పూనుకొనుట యుక్తము. వయసు మళ్ళినవారు పెక్కు గుట్టల పేళ్ళను ఇంకను చెప్పగలరు, వారున్నప్పుడే వ్రాసికొనవలెను.